ఒట్టి గాలే అన్నాడు

కంచరపాలెంలో మా వీధికి సంబంధం చూసుకోవడానికి వచ్చినవాళ్ళు పిల్లని చూసే ముందు మేడెక్కి పిట్టగోడ మీద వేలు రాసి చూసేవారు. వేలు నల్లగా అయితే ఆ ఇంటి ఆడవాళ్ళు బద్ధకస్తులని కాదు. ఆ ఇంట్లో బట్టలు తెల్లగా ఆరవని, పిల్ల దగ్గుతుందని. రైలు పట్టాలకి అవతల ఒక ఫ్యాక్టరీ ఉంది. బొగ్గు కాల్చి ఆవిరి పుట్టించే బాయిలర్లు, ఒక పొడుగాటి గొట్టం. దాని పేరు రాయను. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు, దాని పేరుకి ఖర్చు పెట్టడం నాకిష్టం లేదు.

ఊరు ఎందుకు వేడెక్కిందో రాద్దామని కూర్చుంటే నా తమ్ముడి గురించి రాస్తున్నట్టు అవుతోంది. రెండూ నాకు వేరు వేరుగా రావడం లేదు.

అమ్మ పోయేనాటికి వాడు పాలు మరవని గుంటడు. వాణ్ణి చంకన వేసుకుని పెంచాను. బడీడు వచ్చాక పొద్దున్నే బడి దగ్గర దింపి, గోడ నీడన కూర్చుని, వదిలాక ఇంటికి తీసుకొచ్చేదాన్ని. గోడకి ఇవతల నేను, అవతల వాడు. "ఆడికి చదువొత్తే ఇంట్లో ఒకులికి వచ్చినట్టే కదేటి" అన్నాడు నాన్న. నేనూ అలాగే అనుకున్నాను. బస్సు బోర్డు వాడే చదివాడు, రేషను కార్డు వాడే చదివాడు, మా ఆయన గూడ్సు షెడ్డులో బస్తాల కింద పడి చనిపోయినప్పుడు ఆస్పత్రి కాగితాలూ వాడే చదివి చెప్పాడు. వాడు చదివి చెప్పిన మాటని రెండోసారి అడిగి ఎరగను. ఐటీఐ చదివి ఆ ఫ్యాక్టరీలోనే బాయిలర్ల దగ్గర చేరాడు. సూపర్‌వైజర్ అయ్యాడు. కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పాలు పొంగించింది నేనే.

మా ఆయన పోయాక నేను వడియాలు పెట్టి బతికాను. నాది రేకుల ఇల్లు. పక్కింటిది మేడ. ఆ ఇంటావిడ వన్‌టౌన్ నుంచి కోడలిగా వచ్చిన ముస్లిం పిల్ల, ఇప్పుడు నాలాగే ముసల్ది. చేత్తో సేమ్యా తీసి కర్రల మీద ఆరేసి అమ్మేది. వన్‌టౌన్ దుకాణాల్లో రంజాన్ ముందు ఆవిడ సేమ్యాకి మంచి పేరుండేది. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి వదినా అంటాను. మేడ వాళ్ళది, ఎండ ఇద్దరిదీ.

వడియం పని తెలియనివాళ్ళకి చెప్పాలి. తెల్లారకముందే బియ్యప్పిండి గంజి ఉడికించుకోవాలి. పొద్దెక్కేసరికి తడి పంచె మీద పెట్టేయాలి. సాయంత్రానికి వడియం అంచు లేవాలి. మర్నాడు గుడ్డ వెనక నీళ్ళు చల్లి వొలిచి, ఇంకో ఎండ చూపించాలి. ఇంతే. దీనికి కావలసింది ఎండ, పొడి గాలి. ఆ రోజుల్లో రెండూ ఉండేవి, కానీ పైనుంచి బొగ్గు దుమ్ము పడేది. తెల్లటి వడియం మీద నల్లటి చుక్కలు. దుకాణదారు పొట్లం విప్పి నన్ను చూసి నవ్వేవాడు.

"ఏటి పిన్నీ, నువ్వులేసినావేటి? నువ్వుల వడియాలకి గిరాకీ నేదు."

ఒక వేసవిలో మా ఇద్దరికీ తెలివి పుట్టింది. కొత్త పరుపుల మీద వచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు, అవతలివైపు కనబడుతుంది చూడండి, అది సంపాదించాం. చుట్టూ ఇటుకలు పేర్చి వడియాల మీద గట్టిగా కప్పేశాం. దుమ్ము పడదు, ఎండ పడుతుంది, ఇంకేం కావాలి? మధ్యాహ్నం వెళ్ళి చూస్తే కవరు లోపల ఇంత చెమట. చెయ్యి పెడితే సుర్రుమంది. వడియాలన్నీ జారిపోయి, పులిసి, గంజి మళ్ళీ గంజైపోయింది.

"మనం ఆరబెట్టనేదు వదినా, ఇడ్లీలు పెట్టినాం" అంది వదిన. నవ్వలేక చచ్చాం. ఆ రోజు సరుకంతా పోయింది, అయినా నవ్వాం.

తర్వాత వీధి ఆడవాళ్ళమంతా కలిశాం. ఇంటికో తెల్ల పంచె తడిపి పొద్దున్న మేడ మీద పరిచాం. సాయంత్రం తీసి చూస్తే పొయ్యి తుడిచిన గుడ్డల్లా ఉన్నాయి. వాటిని పట్టుకుని ఫ్యాక్టరీ గేటుకి తోరణాలు కట్టినట్టు కట్టేశాం. వాచ్‌మన్లు విప్పడం, మేం మళ్ళీ కట్టడం. ఆఖరికి లోపల్నుంచి నా తమ్ముడొచ్చాడు. ఆఫీసర్లు పంపించారు. అక్క ముందుంది కాబట్టి తమ్ముణ్ణి పంపారు, అంత లెక్క వాళ్ళకి తెలుసు.

"అప్పా, దుమ్ము పట్టే యంత్రం గొట్టానికి తగిలిత్తారు. నా మాట మీద ఈల్లని తీసుకుని ఎల్లిపో" అన్నాడు.

వాడి మాట మీద వెళ్ళిపోయాం. యంత్రం నిజంగానే పెట్టారు. అది మాత్రం అబద్ధం కాదు. గేటు దగ్గర షామియానా వేసి మాకు లడ్డూలు పంచారు. అంతకు ముందురోజే మేం తడి పంచెలు పరిచి చూసుకున్నాం, సాయంత్రానికి అవి తెల్లగానే ఉన్నాయి. గొట్టం పైన నల్లటి పొగ లేదు. ఏమీ లేదు. ఆకాశం కనబడుతోంది. నాకు మాత్రం ఎందుకో ఒక మాట అడగాలనిపించి, లడ్డూ చేతిలో పట్టుకునే ఆఫీసరుని అడిగాను.

"ఇంకేటీ రాదా బాబూ, ఆ గొట్టంలోంచి?"

ఆఫీసరు నా తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నా వైపు చూసి నవ్వాడు. "ఏటీ రాదప్పా. ఇంక వచ్చేది ఒట్టి గాలే."

వీధిలోకి వచ్చి ప్రతి గుమ్మం దగ్గరా నేనే చెప్పాను. మా తమ్ముడు బాయిలర్ మనిషి, ఒట్టి గాలే అన్నాడు అని. అందరూ నమ్మారు. నన్ను నమ్మారు.

అరవై దగ్గర పడ్డాక నేను చదువు నేర్చుకున్నాను. నేర్పింది వదినే. వడియాలకి కాకుల్ని తోలుతూ ఖాళీగా కూర్చుంటామా, ఒకరోజు జంతికల గొట్టంలోంచి పిండి తీస్తూ చెయ్యి తిప్పి గుడ్డ మీద 'అ' అని పెట్టింది. "పెట్టు" అంది. నేను పెట్టాను, వంకర పోయింది. మళ్ళీ పెట్టాను. అలా అక్షరాలన్నీ పిండితోనే దిద్దాను. 'క్ష' ఎండేసరికి విరిగిపోయేది. ఒత్తులు గుడ్డకి అంటుకుపోయేవి, ఈనాటికీ నాకు ఒత్తులు సరిగా రావు. విరిగినవాటిని ఎవరూ కొనరు కదా. నేను మొదట రాసిన అక్షరాలని నూనెలో వేయించుకుని పప్పుచారులో నంజుకు తిన్నాం.

చదువు అబ్బుతున్న ఆ ఏళ్ళలోనే వడియం చెడడం మొదలైంది. ఎండ తగ్గిందా అంటే, లేదు, వీపు మండిపోయేది. కానీ గాలి పిండితే నీళ్ళు కారేటట్టు ఉండేది. సాయంత్రానికి అంచు లేచేది కాదు. రెండో రోజుకీ మెత్తగానే ఉండేది. మూడో రోజుకి అడుగున పచ్చటి బూజు. చైత్రంలో వాన రావడం మేం ఎరగం, ఇప్పుడు అడక్కుండా వస్తోంది. రాత్రయితే మేడ చల్లబడాలి, పొద్దున పాదం పెడితే హాయిగా తగలాలి. ఇప్పుడు తెల్లారగట్ల కూడా గచ్చు గోరువెచ్చగానే ఉంటోంది. సముద్రం పక్కనున్న ఊరికి ఉక్క కొత్తదేం కాదు. ఈ ఉక్క వేరు.

రెండేళ్ళ కిందట, పొద్దు నడినెత్తికి ఇంకా రాలేదు, వదిన సేమ్యా కర్రలు మారుస్తూ పిట్టగోడ పట్టుకుని కూలబడిపోయింది. పలకదు. ఒళ్ళు పొయ్యి మీంచి దింపిన గిన్నెలా ఉంది. తడి పంచెలో చుట్టి ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాం. బతికింది. ఎండదెబ్బకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. గాలిలో అంత తడి ఉంటే ఒంటి చెమట ఆరదమ్మా, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఇంక ఎండలోకి వెళ్ళొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. సేమ్యా అయిపోయింది. ఇప్పుడు కిందింట్లో ఫ్యాను కింద మంచం మీద కూర్చుంటుంది. మాటల్లో ఉండగానే రెండు చేతుల వేళ్ళూ పిండిని లాగి సాగదీస్తున్నట్టు కదులుతుంటాయి. నేను చూడనట్టు ఉంటాను.

ఆవిడకి కళ్ళు తిరుగుతాయి కాబట్టి పేపరు ఇప్పుడు నేను చదివి వినిపిస్తాను. కూడబలుక్కుంటూ చదువుతాను, తప్పు చదివితే మంచం మీంచే కసురుతుంది. అలా ఒకరోజు ఎండల గురించి వేసిన పేజీ చదివాను. బొగ్గుపులుసు వాయువు అని ఉంది.

"బొగ్గుతో పులుసేటి? సరిగ్గా సదువు" అంది.

"అలాగే ఉంది వదినా."

బొగ్గయినా, పెట్రోలయినా, గ్యాసయినా ఏది కాల్చినా ఆ వాయువు పుడుతుందట. దానికి రంగు లేదు. వాసన లేదు. ఎండని కిందికి రానిస్తుంది, కానీ నేల వెనక్కి వదిలే వేడిని పైకి పోనివ్వకుండా పట్టి మళ్ళీ కిందికి తోస్తుంది. పుట్టిందాంట్లో కొంత వందల ఏళ్ళు గాలిలోనే ఉండిపోతుంది. మన ముత్తాతలు కాల్చిందీ పైన ఉంది, నిన్న కాల్చిందీ పైన ఉంది. దానివల్ల సముద్రం వేడెక్కుతుంది, వేడెక్కిన సముద్రం నుంచి ఆవిరి ఎక్కువ లేస్తుంది, ఆ ఆవిరి కూడా వేడిని పట్టి ఉంచుతుంది.

వదిన లేచి కూర్చుంది. "మన పరుపు కవరు వదినా."

అచ్చం అలాగే కాదట. కవరయితే గాలిని కూడా కదలనివ్వదు, ఈ వాయువు వేడిని మాత్రమే పడుతుంది. అది కూడా ఆ పేజీలోనే ఉంది, చదివి చెప్పాను.

"ఏదైతేటి. ఇడ్లీలమైపోయినాం కదా" అంది.

ఈసారి ఇద్దరం నవ్వలేదు. నేను పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. మేం తెల్లగుడ్డ పరిచి చూశాం. గుడ్డకి అంటనిది ఉండదనుకున్నాం. పిట్టగోడ మీద వేలు రాసి పిల్లని ఇచ్చిపుచ్చుకునే వీధి కదా మాది, కంటికి నల్లగా కనబడితేనే చెడ్డది మాకు. మాకు తెలియకపోవడం సరే. బాయిలర్ దగ్గర జీవితమంతా గడిపినవాడికి, లోపల కాల్చిన బొగ్గు పైకి ఏమై పోతుందో తెలియదా?

వాడిని అడగడానికి నేను వెళ్ళలేదు. వాడే వచ్చాడు. ఈ ఎండాకాలంలోనే, ఆటోలో పెద్ద డబ్బా వేయించుకుని.

"అప్పా, నీకు కూలర్ తెచ్చినాను. ఉడికిపోతన్నావు కదా."

మా ఊళ్ళో కూలర్ పనిచేయదు. గాలి నిండా నీళ్ళున్నప్పుడు ఇంకో బకెట్టు నీళ్ళు గాలిలో కలిపితే ఒరిగేదేముంది? ఆవిరితో బతికినవాడు, తెలిసే తెచ్చాడు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. ఫ్యాక్టరీ ఇంకో బాయిలరు, రెండో గొట్టం కడుతోందట. బడి మైదానంలో మీటింగు పెట్టి వీధుల వాళ్ళ అభిప్రాయం అడుగుతారట. నేను మైకు ముందుకొచ్చి, దుమ్ము ఆపారు, మాట నిలబెట్టుకున్నారు, మాకేం అభ్యంతరం లేదు అని రెండు ముక్కలు చెబితే చాలట.

"నువ్వంటే వీధంతా అంటాది. మీటింగు సాఫీగా అయిపోతే రిటైరయినాక నాకు రెండేళ్ళు ఎక్స్‌టెన్షన్ ఇత్తామన్నారప్పా."

"ఒరే, ఆ గొట్టంలోంచి ఏటొత్తాదిరా?"

"దుమ్ము రాదప్పా. సూత్తన్నావు కదా."

"దుమ్ము సంగతి కాదు. బొగ్గుపులుసు వాయువు వత్తాదా రాదా?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. ఆ మాట నా నోట్లోంచి వస్తుందని అనుకోలేదు. "నువ్వు దుమ్మాపమన్నావు, ఆపినారు. నీ గుడ్డ తెల్లగుందా నేదా?" అన్నాడు.

"నాను దుమ్మడగనేదురా. ఇంకేటీ రాదా అనడిగినాను. లడ్డూ సేత్తో పట్టుకుని అడిగినాను. ఒట్టి గాలే అన్నావు."

"మరేటనమంటావు? ఒక్క మన గొట్టమేనేటి? పోర్టులో ఓడలున్నాయి, రోడ్డు నిండా లారీలున్నాయి, లోకమంతా గొట్టాలే. మనది ఆపేత్తే కంచరపాలెం సల్లబడిపోద్దా? నీ గ్యాసు పొయ్యిలోంచీ వత్తాది."

"వత్తాది. నా పొయ్యిలోంచి ఏటీ రాదని నాను ఎవులికైనా సెప్పినానా?"

ఇరుక్కున్న మనిషి చేతికందింది విసురుతాడు. వాడూ విసిరాడు.

"అప్పుడు సెప్తే మాత్రం నీకేటర్థమైపోద్దప్పా? అచ్చరం ముక్క రానిదానివి."

నేను బడి గోడకి ఇవతల కూర్చున్న సంగతి వాడు మర్చిపోయి అన్నాడో, గుర్తుండే అన్నాడో నాకు తెలియదు. రెండింట్లో ఏదైనా ఒకటే. వాడికి కూడా మాట జారిందని తెలిసింది, "అది కాదప్పా..." అంటూ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "మీటింగుకి వత్తావు కదా?" అన్నాడు.

"వత్తాను" అన్నాను.

డబ్బా విప్పలేదు. దాని మీద పప్పుల సీసాలు పెట్టుకున్నాను.

మీటింగు రోజు మైదానంలో షామియానా కింద ఊపిరాడలేదు. ముందు వరసలో ఫ్యాక్టరీ వాళ్ళు, పక్కన తమ్ముడు. వాడు నన్ను చూసి తలాడించాడు. నా పేరు పిలిచాక మైకు దగ్గరికి వెళ్ళాను. వీధి ఆడవాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాను, ఆఫీసర్ల వైపు కాదు. నేను మాట ఇచ్చింది ఆ ఆడవాళ్ళకి కాబట్టి.

"అమ్మా, ఈ గొట్టంలోంచి ఒట్టి గాలే వత్తాదని మీ గుమ్మాల్లోకొచ్చి సెప్పింది నానే. ఆ మాట నిజం కాదు. దుమ్ము పట్టుకున్నారు, కంటికి ఆననిదాన్ని వొదిలీసినారు. వదిన పడిపోయిన ఉక్కలో దాని వాటా ఉంది. ఒక్క దీనిదే కాదు, లోకంలో అన్ని గొట్టాలదీ వాటా ఉంది. కానీ ఏటీ రాదని మనకి సెప్పింది ఇదొక్కటే. నా మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను. రెండో గొట్టానికి నాను సరే అనను. మీ ఇష్టం మీది."

ఆఫీసరు మైకు తీసుకుని చాలా మర్యాదగా మాట్లాడాడు. "పెద్దావిడ ఆవేదన మాకు అర్థమవుతుంది. మా ఫ్యాక్టరీ అన్ని పరిమితులకూ లోబడే పనిచేస్తోంది" అన్నాడు. వస్తుందా రాదా అన్నది మాత్రం చెప్పలేదు. కొందరు చప్పట్లు కొట్టారు. ఎక్కువమంది కొట్టలేదు. నేను దిగి వస్తుంటే నాలుగిళ్ళ అవతలావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొత్త బాయిలరొత్తే మావోడికి ఉద్యోగం ఇత్తారని ఆశెట్టుకున్నాం పిన్నీ. నీకేటి, కాళ్ళు సాపుకున్న ముసల్దానివి. నీ తమ్ముడి మాటకి అప్పుడు లడ్డూలు తినిపించినావు, ఇప్పుడు నోట్లో మన్ను కొట్టినావు."

ఆవిడ కోపంలో అబద్ధం ఏముంది? చెయ్యి విడిపించుకోలేదు. ఆవిడే వదిలేసింది. తమ్ముడు నా ముందు నుంచే నడిచి వెళ్ళాడు, నీళ్ళ సీసాలు పంచుతూ. నాకు ఇవ్వలేదు.

వదినకి అంతా చెప్పాను.

"పదిమందిలో తమ్ముణ్ణి అలాగన్నావు. నా కోసమేనా?" అంది.

"నీ కోసం కాదు" అన్నాను. అది నిజమే.

"అయితే పర్లేదు" అని అటు తిరిగి పడుకుంది.

రెండో గొట్టానికి పునాదులు తవ్వుతున్నారు. వాడికి ఎక్స్‌టెన్షన్ వచ్చిందని మా మరదలి ద్వారా తెలిసింది. రాకూడదని నేను మొక్కుకోలేదు. వాడు మా వీధికి రావడం మానేశాడు.

మొన్న నా ఫోనులో మెసేజీ వచ్చింది. ఇన్నేళ్ళలో వాడు నాకు రాసింది అదే మొదటిది. మాట్లాడేవాడు, రాసేవాడు కాదు. 'అప్పా, కోపం తగ్గినాదా' అని ఉంది. రెండుసార్లు చదివి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు రాశాను. ఒత్తులు తప్పు పడి ఉంటాయి. 'నేను అడిగినప్పుడు ఒట్టి గాలే అని ఎందుకు అన్నావు' అని.

కాసేపటికి దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ పంపాడు. నేను అడిగింది బొమ్మ కాదు. అదే మాట మళ్ళీ రాసి పంపాను.